సత్యభామ జడ పడే క్షణాన్ని పట్టే సెన్సారు కట్టిన విధానం

తెర మీదుగా జడ పడాలి. పడీ పడగానే వెనుక గోడ మీద, ప్రొజెక్టరు వేసే వీడియోలో, పారిజాతాలు రాలాలి. తెర చాటు నుంచి జడ వేస్తూ ప్రవేశించే సత్యభామ వేషం మా మేనకోడలు కడుతున్న కూచిపూడి ప్రదర్శన కోసం టీచర్‌గారు నన్ను అడిగింది ఇంతే. "ల్యాప్‌టాప్ దగ్గర కూర్చుని మీట నొక్కితే సరిపోతుంది కదండీ" అని కూడా అన్నారు. నొక్కి చూశాను. సాధనలో పదిసార్లు నొక్కితే నాలుగుసార్లు పూలు ముందే రాలాయి, ఐదుసార్లు జడ పడి చల్లబడ్డాక రాలాయి. ఒక్కసారి కుదిరింది. తప్పు నా వేలిది కాదు. జడ ఏ క్షణంలో వేస్తుందో భామకే తెలియదు. మృదంగం ముక్తాయింపును బట్టి, ఆ పూట ఆమెకున్న ఊపును బట్టి అర క్షణం అటూ ఇటూ అవుతుంది. అలా కాకపోతే అది నాట్యమే కాదు, కసరత్తు.

నేను బెంగళూరులో, పీణ్యలోని ఒక ప్యాకింగ్ కర్మాగారంలో 26 ఏళ్లుగా మెయింటెనెన్స్ పని చేస్తున్నాను. బెల్టు మీద డబ్బా వచ్చిందా లేదా అని కిరణంతో కనిపెట్టే సెన్సార్ల మధ్యనే నా రోజు గడుస్తుంది. డబ్బా బదులు జడ, అంతే కదా అనుకున్నాను. అంతే కాదని తెలియడానికి ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాల్లో పనికి వచ్చినవి, రానివి రాస్తున్నాను.

ముందు ఒక మాట. కిరణం మీకు చెప్పేది ఒకే ఒక్క సంగతి: దారిలో ఏదో అడ్డం వచ్చింది. జడా, చెయ్యా, తెర పట్టుకున్న కుర్రాడి ముక్కా, సాంబ్రాణి పొగా అన్నది దానికి పట్టదు. ఇది ఏ ఘట్టమో, ఎన్నో సారో తెలియదు. ఆ మిగిలిన అర్థమంతా మీరే సమకూర్చాలి. ఈ పనిలో సెన్సారు కొనడం పావు వంతు. ముప్పావు వంతు ఈ సమకూర్చడమే.

ఏ సెన్సారు కొనాలి

ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా ఒక లేజర్ ముక్క, ఒక ఎల్‌డీఆర్ (వెలుగును పట్టే బిళ్ళ), ఒక ఆర్డుయినో (ప్రోగ్రాము రాసుకునే చిన్న కంప్యూటరు పలక) కనిపిస్తాయి. సైన్సు ప్రదర్శనకు అది చాలు. వేదికకు చాలదు, ఎందుకో లెక్క వేసి చూడండి. జడ మందం 4 సెంటీమీటర్లు. అది కిందికి పడే వేగం సెకనుకు సుమారు రెండున్నర మీటర్లు. అంటే కిరణం తెగి ఉండేది దాదాపు 16 మిల్లీసెకన్లు. ఎల్‌డీఆర్ అనే ఆ చిన్న బిళ్ళ వెలుగు నుంచి చీకటికి మారిందని గుర్తించడానికే పదుల మిల్లీసెకన్లు తీసుకుంటుంది. అది కళ్ళు నులుముకునేలోపు జడ వెళ్ళిపోతుంది. మనిషి నడిచి దాటే చోట ఎల్‌డీఆర్ పనిచేస్తుంది, జడకూ చేతి విసురుకూ పనిచేయదు. వెలుగు పడితే కరెంటు పారనిచ్చే ఫోటో ట్రాన్సిస్టర్ అయితే మైక్రోసెకన్లలోనే స్పందిస్తుంది కాబట్టి వేగానికి లోటు లేదు.

ఇక లేజర్. సూది మొనలాంటి ఆ కిరణం పది మీటర్ల దూరంలో గురి తప్పడానికి ఒక్క డిగ్రీ వంపు చాలు, చుక్క 17 సెంటీమీటర్లు జరిగిపోతుంది. చెక్క వేదిక మీద ఎనిమిది మంది గజ్జెలతో అడుగులు వేస్తుంటే స్టాండు ఒక డిగ్రీ వంగకుండా ఉంటుందా? అంతకన్నా పెద్ద సంగతి కళ్ళు. మన వేదిక నిండా జరీ, వడ్డాణాలు, తరంగం ఉంటే ఇత్తడి పళ్ళెం. ఎర్ర లేజర్ ఏ నగ మీద పడి ఎవరి కంట్లోకి తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. మొహం ఎత్తులో లేజర్ పెట్టను. దీని మీద నాతో వాదనకు దిగకండి.

టీవీ రిమోట్ కోసం తయారైన టీఎస్ఓపీ4838 లాంటి రిసీవర్లను కూడా చాలామంది వాడతారు. చవకైనవి, సెకనుకు 38 వేలసార్లు మినుకుమనే ఇన్‌ఫ్రారెడ్ వెలుగును మాత్రమే పట్టించుకుంటాయి, మంచిదే. చిక్కేమిటంటే, వెలుగు ఆగకుండా వస్తూ ఉంటే అది రిమోట్ కాదు, ఏదో గోల అనుకుని అవి తమ చెవులు తామే మూసుకుంటాయి. అందుకే వెలుగును మధ్యమధ్య ఆపుతూ గుత్తులుగా పంపాలి. లేదంటే ఆగని వెలుగు కోసమే చేసిన టీఎస్ఎస్‌పీ రకం కొనాలి. ఈ సంగతి తెలియక రెండు రాత్రులు సర్క్యూట్‌ను తిట్టుకున్న కుర్రవాళ్ళు నాకు తెలుసు.

నేను చివరికి కర్మాగారాల్లో వాడే త్రూ-బీమ్ సెన్సారునే పట్టుకున్నాను. వెలుగు పంపేది ఒకటి, అందుకునేది ఒకటి, రెండూ బొటనవేలంత గొట్టాలు, పేరు ఎం18. వీటి కిరణం కాస్త విచ్చుకుంటుంది కాబట్టి కొద్దిపాటి వంపును క్షమిస్తాయి. కొత్తవి ఖరీదే. పీణ్య నుంచి మెట్రో గ్రీన్ లైన్‌లో వెళ్ళి చిక్కపేటలో దిగితే ఎస్పీ రోడ్డు నడక దూరమే. అక్కడ యంత్రాల నుంచి ఊడదీసిన పాత సెన్సార్లు దొరుకుతాయి. ఆదివారం వెళ్ళకండి, చాలా షట్టర్లు దించి ఉంటాయి. వెళ్ళేటప్పుడు 12 వోల్టుల బ్యాటరీ సంచిలో పెట్టుకుని, అక్కడికక్కడే కలిపి చూసి కొనండి. జత జతగా ఉందో లేదో కూడా చూడండి. నాకు మొదటి దుకాణంలో రెండు ఇచ్చారు, రెండూ అందుకునేవే. పెళ్ళికి ఇద్దరు వరులు వచ్చినట్టు.

వెలుగుతో వెలుగుకు పడదు

1965 జూలైలో న్యూయార్క్‌లో స్వరకర్త జాన్ కేజ్ సంగీతానికి మెర్స్ కన్నింగ్‌హామ్ నాట్య బృందం 'వేరియేషన్స్ 5' అనే ప్రదర్శన ఇచ్చింది. వేదిక పక్కల ఫోటోసెల్స్ (వెలుగును పట్టే సెన్సార్లు) పెట్టి, స్టేజీ దీపాల వెలుగు వాటి మీద పడేలా చేసి, నర్తకులు ఆ వెలుగును దాటినప్పుడల్లా శబ్దాలు పుట్టించాలన్నది ఆలోచన. తీరా చూస్తే దీపాలు మరీ దూరం, సెల్స్‌ను కదిలించేంత వెలుగు అందలేదు. ఆఖరి నిమిషంలో వాటిని, నర్తకులు దగ్గరికి వస్తే శబ్దం పుట్టించేందుకు వేదిక మీద నిలబెట్టిన యాంటెనా స్తంభాల మొదళ్ళకు మార్చారు. బెల్ ల్యాబ్స్ ఇంజినీరు బిల్లీ క్లూవర్ వంటివారు వెనుక ఉండి కూడా ఆ తిప్పలు తప్పలేదు. స్టేజీ దీపాన్ని కిరణంగా నమ్ముకోకూడదు. దీపం రంగు మారుస్తారు, తగ్గిస్తారు, ఆర్పేస్తారు. మీ కిరణం మీదే కావాలి, దీపాల వెలుగులో కలిసిపోకుండా మినుకు మినుకుమనేదే కావాలి.

మినుకు ఉన్నంత మాత్రాన నిశ్చింత అనుకోకండి. పాతకాలపు హాలోజన్ దీపాలు కంటికి కనిపించే వెలుగు కన్నా ఇన్‌ఫ్రారెడ్ వేడినే ఎక్కువ కక్కుతాయి. అది నేరుగా రిసీవర్ గాజులో పడితే, ఎంత తెలివైన సెన్సారైనా ఎండలో టార్చిలైటు వెతుక్కునే మనిషిలా అయిపోతుంది. సెన్సారుతో వచ్చే కాగితం చదివే అలవాటు చేసుకోండి. నా దాని మీద ఎండకు 10,000 లక్స్ (వెలుగు కొలత), బల్బు వెలుగుకు 3,000 లక్స్ దాకా ఓర్చుకుంటుందని విడివిడిగా ఉంది. ఎల్‌ఈడీ దీపాలున్న హాలైతే ఈ బెంగ తక్కువ. హారతి, జ్యోతి ప్రజ్వలన కుందులు కూడా ఇన్‌ఫ్రారెడ్ వెదజల్లేవే. కుందిని రిసీవరు చూపు పడే వైపు పెట్టనివ్వకండి.

ఉపాయాలు రెండు. అందుకునే భాగాన్ని దీపాలకు వీపు పెట్టేలా తిప్పండి, పంపేదే దీపాల వైపు చూస్తుంది, దానికి కళ్ళు లేవు కదా. రెండోది, రిసీవరు ముందు ఐదారు సెంటీమీటర్ల నల్ల గొట్టం తొడగండి. నేను కరెంటు వైరింగు పైపు ముక్కకు లోపల నల్ల కాగితం అంటించి తొడిగాను.

కిరణం కంటికి కనిపించకపోతే గురి చూడటం ఎలా అంటారా? ఫోను ముందు కెమెరాతో పంపే గొట్టాన్ని చూడండి, చాలా ఫోన్లలో లేత ఊదా చుక్క కనిపిస్తుంది. వెనుక కెమెరాకు ఫిల్టరు ఉండి కనిపించకపోవచ్చు.

కిరణాన్ని ఎక్కడ కట్టాలి

నేను ఎక్కువగా తన్నుకులాడింది ఇక్కడే.

మొదట రెండు పక్కల వింగుల్లో స్టాండ్లు పెట్టి, తెర పై అంచుకు నాలుగు వేళ్ళ ఎత్తున కిరణం వేశాను. కాగితం మీద చక్కగా ఉంది. కూచిపూడి తెరను ఇద్దరు మనుషులు చేతులతో పట్టుకుంటారు. ప్రవేశ దరువు సాగుతున్న కొద్దీ వాళ్ళ చేతులు నొప్పి పుట్టి తెర అంగుళం అంగుళం దిగుతుంది. గుర్తొచ్చి పైకి ఎత్తుతారు. ఎత్తినప్పుడు తెరే కిరణాన్ని తెంపుతుంది, దిగినప్పుడు జడ కిరణం కింద నుంచి జారిపోతుంది. ఒకసారి తెర పట్టుకున్న అబ్బాయి మెడ గోక్కున్నాడు. గోడంతా పారిజాతాలు.

తెరను రెండు స్టాండ్లకు బిగించేద్దామన్నాను. టీచర్‌గారు ఒప్పుకోలేదు. "తెర మనుషులే పట్టుకోవాలి, అది ఆ ఘట్టానికి ఊపిరి" అన్నారు. ఆ రాత్రి కోపం వచ్చింది కానీ, ఆ మాటే దారి చూపింది. తెర కదులుతుందని నేను బాధపడుతున్నాను. కిరణం కూడా తెరతో పాటు కదిలితే?

తెర పై అంచు మడతలో అంగుళం మందం అల్యూమినియం పైపు దూర్చాం, పొడవు రెండున్నర మీటర్లు. దాని రెండు కొసలకు చిన్న ఎల్ ఆకారపు పట్టీలు బిగించి, ఒక కొసన పంపేది, ఒక కొసన అందుకునేది, ఒకదానికొకటి ఎదురుగా పెట్టాను. గాజు నడిమి భాగం పైపుకు సరిగ్గా 6 సెంటీమీటర్ల పైన ఉంటుంది. పంపేదాని తీగలు పైపు లోపలి నుంచే అవతలి కొసకు వచ్చేస్తాయి కాబట్టి బయటికి ఒకే కేబులు. ఇప్పుడు తెర దిగనీ, ఎక్కనీ, వాలనీ, అంచుకూ కిరణానికీ మధ్య దూరం మారదు. పట్టుకునేవాళ్ళు పైపును కింది నుంచి పట్టుకుంటారు, వేళ్ళు పైకి రావు. పట్టీల మీద తెర రంగు గుడ్డ, అంచున కాస్త జరీ కుట్టించాం. మొదటి వరుసలో కూర్చున్నవాళ్ళకు అది తెర అలంకారమే.

ఆ 6 సెంటీమీటర్లు ఊరికే వచ్చింది కాదు. 3 పెడితే గుడ్డ ముడత కిరణాన్ని తాకింది. 10 పెడితే జడ ఒక్కోసారి తగలకుండానే పాకిపోయింది. మీ జడకు, మీ తెరకు మీ కొలత వేరు కావచ్చు. పట్టీలో బోల్టు రంధ్రాన్ని గుండ్రంగా కాక నిలువుగా పొడవుగా కోయించుకుంటే సర్దుకోవడం తేలిక.

తీగలు, బుర్ర

పంపేదానికి రెండు తీగలు: గోధుమ రంగుది ప్లస్, నీలం మైనస్. అందుకునేదానికి అవి రెండూ కాక ఒక నల్లది, అదే కబురు మోసేది. 12 వోల్టుల అడాప్టరు చాలు. నల్ల తీగను నేరుగా ఆర్డుయినోకు ఇవ్వకండి. కొన్ని సెన్సార్ల లోపల పై వోల్టేజికి లాగే రెసిస్టరు ఉంటుంది, ఆర్డుయినో కాలు 5 వోల్టులకు మించి ఓర్వదు. మధ్యలో పీసీ817 ఆప్టోకప్లర్ (కరెంటు కలవకుండా, లోపలి చిన్న దీపం వెలుగుతోనే కబురు దాటించే చిప్పు) పెట్టండి. ఎన్‌పీఎన్ రకం (నల్ల తీగను మైనస్‌కు కలిపే రకం) సెన్సారు అయితే 12 వోల్టుల నుంచి 1 కిలో ఓమ్ రెసిస్టరు, అక్కడి నుంచి ఆప్టో లోపలి దీపం, దాని అవతలి కాలు నల్ల తీగకు. ఆప్టో రెండో వైపు ఒక కాలు ఆర్డుయినో 2వ పిన్నుకు, ఒకటి గ్రౌండుకు. పిన్నుకు లోపలి పులప్ (కబురు లేనప్పుడు పిన్నును 5 వోల్టుల వైపు లాగి ఉంచే రెసిస్టరు) ఆన్ చేయండి. ఆప్టో ఆర్డుయినో పక్కన ఉండాలి, సెన్సారు పక్కన కాదు. అప్పుడు పొడవాటి కేబులులో 10 మిల్లీ ఆంపియర్ల దాకా కరెంటు పారుతుంది, దీపాల వెలుగు తగ్గించే డిమ్మర్ల రొద దాన్ని అంత తేలిగ్గా కదిలించలేదు. కేబులు దీపాల వైర్ల పక్కనే సాగకుండా, దాటాల్సి వస్తే అడ్డంగా దాటేలా వేయండి.

సెన్సారు మీద 'లైట్ ఆన్', 'డార్క్ ఆన్' అని రెండు తీర్లు ఉంటాయి. కిరణం తెగినప్పుడే కబురు పంపే రెండోదే అందరికీ నచ్చుతుంది. నేను మొదటిదే పెడతాను, అంటే కిరణం అందుతున్నంతసేపూ కబురు వస్తూనే ఉంటుంది. దానికి నా బల్ల మీద ఒక పచ్చ దీపం తగిలించాను. దీపం వెలుగుతోందంటే తీగ బాగుంది, కరెంటు ఉంది, గురి కుదిరింది. రెండో పద్ధతిలో తీగ తెగిపోయినా పైకి అంతా ప్రశాంతంగానే కనిపిస్తుంది, జడ పడేదాకా తెలియదు. కర్మాగారంలో ఈ పాఠం నేర్చుకోవడానికి ఒక షిఫ్టు సరుకు పాడుచేశాను.

ఆర్డుయినోల్లో ఏటీమెగా32యూ4 చిప్పు ఉన్న లియోనార్డో గానీ ప్రో మైక్రో గానీ తీసుకోండి. కంప్యూటరుకు తనను తాను కీబోర్డుగానో మిడీ (వాయిద్యాలూ కంప్యూటర్లూ మాట్లాడుకునే భాష) వాయిద్యంగానో పరిచయం చేసుకోగలవు. కీబోర్డు తేలిక, కానీ వద్దు. స్పేస్ మీట నొక్కినట్టు పంపితే ఆ నొక్కు ఆ క్షణంలో ముందున్న కిటికీకి వెళ్తుంది. రెండో సాధనలో జడ సరిగ్గానే పడింది, సెన్సారు సరిగ్గానే పట్టింది, సరిగ్గా అప్పుడే యాంటీవైరస్ కిటికీ ఒకటి లేచి నా స్పేస్ నొక్కును మింగేసింది. మిడీ నోటు పంపితే ఏ కిటికీ ముందున్నా వీడియో సాఫ్ట్‌వేర్ వింటుంది. 1983 నాటి పద్ధతి, ఇప్పటికీ దానికి వంక పెట్టలేం.

ప్రోగ్రాము పది పదిహేను వరుసలే. కిరణం కనీసం 4 మిల్లీసెకన్లు తెగి ఉండాలి, అంతకు తక్కువైతే లెక్కచేయదు. అనుమతి స్విచ్చు వేసి ఉండాలి. ఆ రెండూ కుదిరితే ఒక్క నోటు పంపి నోరు మూసుకోవాలి. అనుమతి తీసి మళ్ళీ వేసేదాకా వంద జడలు పడినా పలకకూడదు.

ఆ అనుమతి స్విచ్చు నా చేతిలో ఉంటుంది. టీచర్‌గారి నట్టువాంగంలో జడకు ముందు వచ్చే జతి మొదలవగానే వేస్తాను. అంటే జడ పడటానికి ఏడెనిమిది సెకన్ల ముందు. ఏ క్షణమన్నది సెన్సారు పని, ఏ ఘట్టమన్నది నా పని. దాని పక్కనే ఎర్ర గుండీ ఒకటి, నొక్కితే సెన్సారుతో పని లేకుండా అదే నోటు వెళ్తుంది. రాత్రికి రాత్రి సెన్సారు చచ్చినా ప్రదర్శన ఆగదు. ఈ రెండూ లేకుండా ఎవరైనా సెన్సారు పెడతామంటే నేను ఆ ప్రదర్శనకు ప్రేక్షకుడిగా కూడా వెళ్ళను.

పూలు ఆలస్యంగా ఎందుకు రాలాయి

అన్నీ కుదిరాక కూడా పూలు ఆలస్యంగానే కనిపించాయి. మూడు రోజులు ప్రోగ్రామును అనుమానించాను. చివరికి వీడియోను ఒక్కో ఫ్రేము జరిపి చూస్తే, దాన్ని చేసిన అబ్బాయి మొదట్లో ఒక సెకను పాటు నల్లటి తెర నుంచి మెల్లగా తేలేట్టు పెట్టాడు. సెన్సారు 16 మిల్లీసెకన్ల జడను పట్టి ఇస్తే, వీడియో సెకను పాటు ఒళ్ళు విరుచుకుంటోంది! ఆ తేలడం కోసేసి, మొదటి ఫ్రేములోనే పై అంచున మూడు పూలు ఉండేలా చేయించాను. వీడియోను ముందే తెరిచి మొదటి ఫ్రేము దగ్గర ఆపి ఉంచండి, అప్పటిదాకా ఆ పొర కనిపించకుండా ఉంటే చాలు. ప్రొజెక్టరులో గేమ్ మోడ్ ఉంటే వేయండి, బొమ్మకు మెరుగులు దిద్దే పనులు తగ్గి ఆలస్యమూ తగ్గుతుంది.

సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ చెప్పను. మ్యాక్ ఉంటే క్యూల్యాబ్. నేను వాడింది ఐసడోరా, విండోస్‌లోనూ నడుస్తుంది. ట్రోయికా రాంచ్ అనే నాట్య బృందాన్ని నడిపిన మార్క్ కోనిగ్లియో తమ ప్రదర్శనల కోసం తయారు చేసుకున్నది కాబట్టి, నర్తకుల కదలికతో బొమ్మను నడపడం దాని రక్తంలోనే ఉంది. మిడీ నోటు అందుకునే గడి ఒకటి, వీడియో గడి ఒకటి, మధ్య ఒక తీగ.

సాధన మామూలు బట్టల్లో చేసి సరిపెట్టుకోకండి. మా మేనకోడలు వారమంతా మామూలు జడతోనే వేసింది. వేషం కట్టాక జడకుప్పెలు, నాగరంతో జడ బరువు రెట్టింపైంది. పైపుకు తగిలి ఎగిరి, కిరణాన్ని మూడుసార్లు కోసింది. ఒక్క నోటు నియమం ఉండబట్టి పరువు దక్కింది. "మామయ్యా, నేను జడ కాస్త మెల్లగా వేయనా?" అని అడిగింది. వద్దన్నాను. సత్యభామ జడ మెల్లగా వేస్తే కృష్ణుడు కూడా నమ్మడు.

ప్రదర్శన రోజు గంట ముందే వెళ్ళి, అన్ని దీపాలూ పూర్తిగా వెలిగించమని అడిగి పచ్చ దీపం నిలకడగా ఉందో లేదో చూడండి. పొగ యంత్రం ఉంటే అదీ వేయించి చూడండి, చిక్కటి పొగ కిరణానికి గోడే. గాజును పొడి గుడ్డతో తుడవండి. ఇక తెర. మా ప్రదర్శనకు పది నిమిషాల ముందు తెర పట్టుకునే ఇద్దరూ, ఒకరికి కుడి భుజం నొప్పి అని, చోట్లు మార్చుకున్నారు. తెరను తిరగేసి పట్టుకున్నారు. కేబులు అవతలి వింగు వైపు వెళ్ళి, వేదికకు అడ్డంగా మోకాలి ఎత్తున వేలాడింది. నేను చూడబట్టి సరిపోయింది. ఆ తరువాత పైపు ఎడమ కొసకు ఎర్ర దారం కట్టాను, తెర వెనుక వైపు సుద్దతో 'ఎడమ' అని రాశాను. మీరు సాధన మొదటి రోజే కట్టండి, రాయండి.